యుబ్లీనాకిచ్చిన మాట

ప్రొఫెసర్ అడోల్ఫినా తానెయో అంటే తిమోర్ దీవి కొండల్లోని మంత్రసానులకు కూడా తెలుసు. కాన్పయ్యాక ఆగని రక్తస్రావాన్ని గర్భసంచి తీసెయ్యకుండా ఆపడమెలా అన్నదాని మీదే ఆవిడ జీవితమంతా గడిచింది. సంచిలో చిన్న బెలూన్ పెట్టి, నీళ్లతో ఉబ్బించి అదిమిపట్టేది. దాని మీద పాఠాలు చెప్పింది, వ్యాసాలు రాసింది, జకార్తా సభల్లో పెద్దపెద్దవాళ్లతో వాదించి ఒప్పించింది.

ఓ ఏడాది వానల్లో యుబ్లీనా నోపె అనే అమ్మాయిని ట్రక్కులో పడుకోబెట్టి ఆవిడ ఆసుపత్రికి తెచ్చారు. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. ఈ మూడో బిడ్డ కడుపులోనే పోయింది. బిడ్డను బయటికి తీశాక రక్తం ఆగలేదు. ఊరంతా డెంగీ. బ్లడ్ బ్యాంకులో ఆమె గ్రూపు రక్తం నిండుకుంది. భర్త అంద్రియాస్, ట్రక్కు డ్రైవరు ఇద్దరూ రక్తమిచ్చారు. ఎక్కించింది ఎక్కించినట్టే కారిపోతోంది.

యుబ్లీనా ప్రొఫెసర్ చెయ్యి పట్టుకుంది.

"సంచి మాత్రం తియ్యొద్దమ్మా. గొడ్రాలినై వెళ్తే మా అత్త నన్ను గడప తొక్కనివ్వదు."

"తియ్యను," అంది అడోల్ఫినా.

రోగులకు మాటివ్వొద్దని విద్యార్థులకు చెప్పేది ఆవిడే.

బెలూన్ పెడితే రక్తం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. థియేటర్లోకి తీసుకెళ్లి పొట్ట తెరిచింది. సంచికి కుట్లు వేసింది, రక్తనాళాలు కట్టింది. ఎంత పిసికినా సంచి బిగుసుకోలేదు, తడిగుడ్డలా పడి ఉంది. ఆవిడ దగ్గర చదువుకుంటున్న డాక్టర్ మెల్కీ బీపీ పడిపోతోందని చెప్పాడు. ఇంకాస్త చూద్దామంది. అతను మళ్లీ చెప్పాడు. వినబడనట్టే పిసుకుతూ ఉండిపోయింది.

"అమ్మా, ఇంకా ఆగితే సంచీ దక్కదు, మనిషీ దక్కదు," అన్నాడు మెల్కీ. "మీకు చేతులు రాకపోతే కత్తెర నాకివ్వండి."

ఆవిడతో అలా మాట్లాడిన విద్యార్థి అంతవరకూ లేడు. తలెత్తి చూస్తే మాస్కు పైన అతని కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. కత్తెర ఇవ్వలేదు. తనే కోసింది.

యుబ్లీనా బతికింది. తెలివొచ్చాక సంచి తీసేసిన సంగతి నర్సుల చేత చెప్పించకుండా ప్రొఫెసరే వెళ్లి పక్కన కూర్చుని చెప్పింది. యుబ్లీనా ఏడవలేదు.

"మాటిచ్చారు కదా," అంది.

ఇచ్చానంది అడోల్ఫినా. అది నిలబెట్టుకోవాలన్న పట్టుదలతో ఆలస్యం చేశానని, ఆ ఆలస్యానికి నీ ప్రాణం పోవాల్సిందని దాచకుండా చెప్పింది.

"ఇంకాస్త ఆలస్యం చెయ్యాల్సింది," అని యుబ్లీనా గోడవైపు తిరిగిపోయింది.

ఆ నెల జకార్తా సభకు ఆవిడ వెళ్లలేదు. మెల్కీని పంపింది. మనం గెలిచిన కేసులు తర్వాత చెప్పు, ముందు యుబ్లీనా సంగతి చెప్పు, నేను చేసిన ఆలస్యంతో సహా చెప్పు అంది. అతను వద్దని బతిమాలినా వినలేదు.

అత్త కొండ దిగి వచ్చింది. ఇక పిల్లలు పుట్టరా అని వార్డులో అందరి ముందే అడిగింది. పుట్టరని అడోల్ఫినా చెప్పింది. ముసలావిడ నేల మీద చతికిలబడి వక్క నోట్లో వేసుకుంది. తర్వాత కొడుకుతో, పద, నీకు ఇంకో పిల్లని చూసే సంగతి ఇంటి దగ్గర మాట్లాడుకుందాం అంది. యుబ్లీనా మొగుడివైపే చూస్తోంది. అంద్రియాస్ తలెత్తలేదు. తల్లి గుడ్డసంచీ భుజాన వేసుకుని ఆవిడ వెనకే వెళ్లిపోయాడు.

ఆ రోజంతా యుబ్లీనా మందు మింగలేదు, నీళ్లు తాగలేదు. నర్సులు ప్రొఫెసర్‌ని పిలిచారు. ఆవిడ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అప్పటికే అంద్రియాస్ తల్లిని బస్సెక్కించి, మొక్కజొన్న జావ గిన్నెతో తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. చెంచా పెదవుల దగ్గర పెడితే ఆమె నోరు తెరవలేదు. అతనూ బలవంతపెట్టలేదు. వెళ్లిపోనూ లేదు. జావ పూర్తిగా చల్లారిపోయింది. అప్పుడు యుబ్లీనా చెయ్యి చాపి గిన్నె అందుకుంది. తినలేదు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.