ఆరో నెల సూది

తెనాలి వెళ్ళాలంటే ముందు మా ఇంటి రుబ్బురోలు దాటాలి. రేపల్లెలో పొద్దుటి బండి అందుకోవడానికి కోడి కంటే ముందు లేచి పెసరపప్పు రుబ్బి, అత్తగారి మధ్యాహ్నం భోజనానికి కూరా పులుసూ వండి, గేదెకి కుడితి పెట్టి, అన్నీ అయ్యాక పిల్లకి జడ వేశాను. రోట్లో నలిగింది పప్పో నేనో ఆ రోలే చెప్పాలి. మా అత్తగారు మాణిక్యాంబ గారి నోటికి గడియ లేదు, నాకేమో గడియ తీరిక లేదు. మా వారు పూర్ణచంద్రరావు గారు. పేరులో పున్నమి, ఇంటి పనిలో అమావాస్య. సమితి ఆఫీసులో గుమాస్తా. అక్కడ ప్రతి కాగితాన్నీ "చూద్దాం" అని పక్కన పెట్టడం అలవాటై, ఇంట్లో మనుషుల్ని కూడా అలాగే పెడతారు.

పక్కన పెట్టిన కాగితాల్లో మా హైమ ఒకటి. దానికి ఆరేళ్ళు. పాలు తాగే వయసులోనే నాలుగు గుక్కలకి చెమటలు పట్టి అలిసిపోయేది. ఏడాది పిల్లప్పుడు తెనాలిలో డాక్టరు రాజమ్మ గారికి చూపిస్తే, గుండెలో నాలుగు గదులుంటాయనీ, కింది రెండు గదుల మధ్య గోడకి పుట్టుకతోనే చిల్లు ఉందనీ చెప్పారు. నాలుగు గదులట. మా ఇంట్లో మూడే, అందులో నాది ఒక్కటీ లేదు. "కొన్ని చిల్లులు వాటంతటవే పూడిపోతాయి. అయినా ఆర్నెల్లకోసారి తీసుకొచ్చి చూపించండి, పూడకపోతే ఆపరేషన్ చెయ్యాలి" అన్నారావిడ. మా వారు ఆ మాటలో మొదటి సగం రేపల్లెకి తెచ్చుకుని, రెండో సగం తెనాలి ప్లాట్‌ఫారం మీదే వదిలేశారు. ఐదేళ్ళు గడిచాయి. ఈమధ్య పిల్ల బడి అరుగు మూడు మెట్లెక్కి, నాలుగోది ఎక్కలేక కూర్చుంటోంది.

చిల్లుకి కారణం మాత్రం మా అత్తగారు ఏనాడో కనిపెట్టేశారు. నేను కడుపుతో ఉండగా సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం విడిచేదాకా కడుపుతో ఉన్న మనిషి చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి. కత్తి పడితే బిడ్డకి మొర్రి, సూది పడితే చిల్లు. నేను సూది పట్టాను. ఆ సంగతి తర్వాత అత్తగారికి చెప్పింది మా వారే. పట్టిందని చెప్పారు గానీ ఎందుకు పట్టిందో చెప్పలేదు. ఎవరో పై ఆఫీసరు వస్తున్నాడని, చొక్కా ఆ చీకటి గదిలోకి తెచ్చి "కుట్టెయ్యి, ఒక్క బొత్తామే కదా" అన్నది కూడా ఆయనే. తడుముకుంటూ కుట్టాను. వేలికి గుచ్చుకుంది. సూది పోటు ఒక్క క్షణం, సూటిపోటి మాటలు ఐదేళ్ళు. సూర్యుణ్ణి రెండు గంటల్లో వదిలిన గ్రహణం నన్ను వదల్లేదు. నవ్వులాటకి చెప్తున్నాను గానీ, అత్తగారి మాట అందరికంటే గట్టిగా నమ్మింది నేనే. పిల్ల రొప్పుతుంటే దాని మొహం వైపు కాదు, నా వేళ్ళ వైపు చూసుకునేదాన్ని.

నిన్న కూడా అత్తగారు అన్నారు: "గ్రహణదోషం డాక్టర్ల కత్తికి తెగదే అమ్మాయ్. కార్తీకంలో మళ్ళీ గ్రహణం ఉందట, అప్పుడు శాంతి చేయిద్దాం. ఆడపిల్ల రొమ్ము మీద గాటు పడితే రేపు ఎవడు చేసుకుంటాడు?" మా వారు యథాప్రకారం చూద్దామన్నారు. ఆరేళ్ళ పిల్ల పెళ్ళి గురించి అంత ముందుచూపున్నవాళ్ళకి, దాని పెదాలు నీలంగా మారడం కనిపించలేదు.

రాజమ్మ గారు ఈసారి పిల్ల గుండె చాలాసేపు విన్నారు. ఐదేళ్ళు ఏం చేశారని అడిగితే మా వారు నా వైపు చూశారు. చిల్లులోంచి పక్క గదిలోకి పోతున్న నెత్తురు ఊపిరితిత్తుల మీద పడి అక్కడ ఒత్తిడి పెరిగిపోతోందని, ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ చేసేవాళ్ళు కూడా చెయ్యలేమంటారని చెప్పి, వెల్లూరు ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చారు. ఈ వారంలోనే వెళ్ళాలన్నారు. "అమ్మనడిగి చూద్దామండి" అని మా వారు పిల్లకి సోడా తాగిస్తానని బయటికి తీసుకెళ్ళారు.

అప్పుడడిగాను.

"డాక్టరమ్మగారూ, గ్రహణం నాడు నేను సూది పట్టానండి."

ఆవిడ నవ్వలేదు. "అప్పటికి ఎన్నో నెల నీకు?"

"ఆరోదండి."

"ఆ గోడ కట్టడం రెండో నెల నిండేసరికే అయిపోతుందమ్మా. నువ్వు సూది పట్టేనాటికి ఆ చిల్లు పడి నాలుగు నెలలైంది. నీ చేతిలో దోషం లేదు. ఎవరి చేతిలోనూ లేదు."

రెండో నెలలో నేను కడుపుతో ఉన్నానని ఇంట్లో ఎవరికీ తెలియదు. చెరువు నుంచి బిందెలు మోస్తూనే ఉన్నాను. ఆ బిందెలు దించి ఎన్నేళ్ళయిందో, ఈ బరువు మాత్రం ఇవాళ ఆ కుర్చీలో దిగింది. ఏడుపొస్తుందనుకున్నాను. నిద్రొచ్చింది.

స్టేషన్‌లో వంతెన దిగేసరికి హైమ నా నడుం పట్టుకుని నిలబడిపోయింది. బెంచీ మీద కూర్చోబెట్టాను. అటువైపు రేపల్లె బండి పొగలు కక్కుతోంది. ఇటువైపు బాపట్ల వెళ్ళే బండికి గంట కొట్టారు. బాపట్లలో మా అన్నయ్య వరప్రసాదం ఉన్నాడు. అడిగితే ఎందుకని అడగకుండా బయల్దేరే మనిషి, నేనే ఎప్పుడూ అడగలేదు. టిక్కెట్ల డబ్బుల కోసం జేబులో చెయ్యి పెట్టిన మా వారి చొక్కా బొత్తాం ఊడి రాలింది. ఏరి నా చేతిలో పెట్టారు.

"రైల్లో కుట్టెయ్యి. ఒక్క బొత్తామే కదా."

సంచీలోంచి సూది తీసి, దారం ఎక్కించి, ముడి వేసి, బొత్తాంతో సహా ఆయన చేతిలోనే పెట్టాను.

"బాపట్లకి ఒకటిన్నర టిక్కెట్టు తీసుకోండి. అన్నయ్యని వెంటబెట్టుకుని వెల్లూరు వెళ్తాం. రేపల్లెకి మీ ఒక్కరికే."

ఆయన సూది వైపూ, నా వైపూ, పిల్ల వైపూ చూశారు. చూద్దాం అనలేదు.

"మరి అమ్మకేం చెప్పను?"

"ఆ వేళ సూది ఎవరి బొత్తాం కోసం పట్టానో, అది చెప్పండి."