నాలుగు పూటల మేత

"ఇది చేపల తొట్టి కాదు, గడ్డివాము. ఇంకో వారం ఆగితే పక్కింటివాళ్లు గేదెను తోలుకొచ్చి ఇక్కడ కట్టేసుకుంటామంటారు," అన్నాడు డ్రిల్లు మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"గేదెకు ఉప్పునీళ్లు పడవులెండి," అంది భార్య, తొట్టి అద్దం మీంచి చూపు తిప్పకుండా.

అప్పటికి ఆ గొడవ మొదలై అరగంటయింది. ఇద్దరికీ బయల్దేరే టైమయింది. అయినా ఒక్కరూ గుమ్మం దాటలేదు.

"ఆదివారం తమ్ముడూ మరదలూ కొత్త కోడల్ని తీసుకుని వస్తున్నారు. హాల్లో అడుగు పెట్టగానే వాళ్ల కంటబడేది ఇదా? అందుకే చేపల షాపతనితో మాట్లాడేశాను. ఆదివారం ఎనిమిదింటికల్లా వచ్చి రాళ్లూ చేపలూ మొత్తం పట్టుకుపోతాడు."

"నన్నడక్కుండానే?"

"అడిగితే వద్దంటావుగా!"

"నాన్నా, చేపల్ని ఇవ్వద్దు. కావాలంటే ఆ పాచి పట్టిన రాళ్లిచ్చేయ్," అంది కూతురు కాలేజీ సంచి సర్దుకుంటూ.

"పోనీలేరా, నోరులేని జీవాలు. అవి నిన్నేమన్నాయి?" అని మూల కుర్చీలోంచి పెద్దావిడ చేతికర్రతో నేలమీద టకటకా కొట్టింది. కొడుకుని మందలించాలంటే ఆవిడకు మాటకంటే కర్రే ముందు.

ఆ వీధిలో ఆ ఇంటి ఇల్లాలిని అందరూ టైలరమ్మ అంటారు. వీధి చివర చిన్న కుట్టుషాపు. ఇరవై ఏళ్లుగా ఆమె కుట్టినవన్నీ మర్నాటికల్లా ఎవరి ఒంటిమీదికో వెళ్లిపోయాయి. కూతురు తర్వాత ఆమె చేతికింద పెరిగి, ఆమె కళ్లముందే ఉన్నది ఆ ఉప్పునీళ్ల తొట్టిలో బతికే పగడం ఒక్కటే. రెండేళ్లనాడు చేపల షాపతను పెద్ద పగడంలోంచి బొటనవేలి గోరంత ముక్క తుంచి, రాతికి అతికించి ఇచ్చాడు. ఇప్పుడది అరచేయంతయింది. పొద్దున్నే లైటు వెయ్యగానే చిన్నచిన్న కుచ్చుల్లాంటి పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. అది చూశాకే ఆమె పొయ్యి వెలిగిస్తుంది.

రెండు నెలల క్రితం వెనక రాతిమీద పచ్చటి నూగు కనిపించింది. పీకేసింది. మూడు రోజుల్లో మళ్లీ వచ్చింది. పీకినకొద్దీ వచ్చి, నూగు కాస్తా పీచయింది, పీచు జుట్టయింది. ఇప్పుడు పగడం మొదలు దాకా పాకింది. అంచున ఉన్న ఆరు పువ్వులు వారం రోజులుగా విచ్చుకోవడం లేదు. నీళ్లు పరీక్ష చేసుకునే డబ్బా ఉంది ఆమె దగ్గర. నాలుగు చుక్కలు వేసి చూస్తే రంగు మారడం లేదు, అంటే నీళ్లలో కరిగిన చెత్త లేదన్నమాట. మరి ఈ పాచి గాలి తిని పెరుగుతోందా అని ఆమె దిగులు.

ఆ సాయంత్రమే చేపల షాపుకి వెళ్లింది. అతను అరలోంచి నీలంరంగు సీసా తీశాడు.

"మూతతో ఒక్క కొలత పొయ్యండమ్మా. మూడు రోజుల్లో రాళ్లు నున్నగా గుండు గీసినట్టు అయిపోతాయి."

"పగడం బతుకుతుందా?"

"బతికితే బతుకుతుంది."

"బతక్కపోతే?"

"ఎలాగూ ఆదివారం నేను పట్టుకుపోయేదేగా!"

ఆమె సీసాని బల్లమీద అతని వైపుకి జరిపింది. "పాచి తినే నత్తలున్నాయా?"

"ఉన్నాయనుకోండి. ఇచ్చేసే తొట్టికి నత్తలెందుకమ్మా?"

"ఇచ్చేస్తున్నానని మీతో నేను చెప్పానా?"

అతను సీసా అరలో పెట్టేసి పది నత్తలు ఏరి ఇచ్చాడు.

బుధవారం ఆమె కుట్టుషాపు తెరవలేదు. భర్తా కూతురూ వెళ్లిపోయాక పాత టూత్‌బ్రష్షూ, రబ్బరు గొట్టమూ, బకెట్టూ పెట్టుకుని తొట్టి ముందు స్టూలేసుకుని కూర్చుంది. గొట్టం కొస పాచి పక్కనే ఆనించి, బకెట్లోకి నీళ్లు జారుతుండగా కొంచెం కొంచెంగా పీకసాగింది. పాచి తునక ఒక్కటి నీళ్లలో తేలిపోయినా ఇంకో రాతిమీద కాపురం పెడుతుంది. తప్పు కుట్టు విప్పడం అలవాటైన వేళ్లు అవి. గట్టిగా లాగితే గుడ్డ చిరుగుతుందని వాటికి తెలుసు.

పదిన్నరకి లోపలిగదిలోంచి కర్ర చప్పుడు వినబడింది. రాళ్ల మధ్య దాక్కున్న రెండు చారల చేపలూ ఒక్క దూకున వచ్చి ఎడమ మూలన నీటి పైకి నోళ్లు పెట్టాయి. ఆమె చేయి ఆగిపోయింది. పెద్దావిడ వచ్చి, కోడల్ని చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అత్తయ్యా, వీటికి మేత వేస్తున్నారా?"

"నేనా! చిటికెడు. అదీ నువ్వు మర్చిపోయినప్పుడే."

"నేనెప్పుడు మర్చిపోయాను?"

"రోజూ హడావుడిగా పరిగెడతావుగా, మర్చిపోయే ఉంటావని..."

మధ్యాహ్నం ఒంటిగంటకి గేటు దగ్గర తాళంచేతులు గలగలమన్నాయి. చేపలు ఈసారి కుడి మూలకి పరిగెత్తాయి. డ్రిల్లు మాస్టారు చెప్పులైనా విప్పకుండా మేతడబ్బా మీద చేయి వేశాక గాని భార్యని చూడలేదు.

"నువ్వు... ఇంట్లోనే ఉన్నావా?"

"ఉన్నాను. కానివ్వండి."

"కాదూ, నేను రాగానే అలా నోరు తెరుచుకుని చూస్తుంటే పాపమనిపించి..."

"గడ్డివాము అన్నారుగా. నీళ్లు పోసి పెంచినవారు మీరేనన్నమాట!"

అయిదింటికి కూతురి చెప్పుల చప్పుడు వినగానే చేపలు అద్దం మధ్యలోకి వచ్చాయి. ఇక అడగాల్సిన పనే లేకపోయింది.

"అమ్మా, ఒట్టు, నాలుగు గింజలే!"

"నాలుగు గింజలు కాదే, నాలుగు పూటలు. పొద్దున నేను, తర్వాత నానమ్మ, మధ్యాహ్నం మీ నాన్న, ఇప్పుడు నువ్వు. ఈ ఇంట్లో నాకే మూడు పూటలూ స్థిమితంగా తినే యోగం లేదు, వాటికి నాలుగా!"

పిల్ల నవ్వింది. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. కోపంతో వంటింట్లోకి వెళ్లబోతూ వెనక్కి తిరిగి చూసింది. తొట్టిమీద లైటు దేదీప్యమానంగా వెలుగుతోంది. పొద్దున ఆరింటికి తానే వేసింది. రాత్రి పడుకోబోయే ముందు తానే ఆర్పుతుంది. ఎనిమిది గంటలకు మించొద్దని మొదటిరోజే షాపతను చెప్పాడు. వంట చేస్తూ, అంట్లు తోముతూ ఓ కంట చూసుకోవడానికని రోజూ పదిహేను గంటలు వెలిగిస్తోంది. మేత వాళ్లు వేశారు, ఎండ తాను కాసింది. అంత సేద్యం చేశాక పంట రాకేం చేస్తుంది? తినగా మిగిలిన మేత నీళ్లలో కరిగిందంతా పాచే పీల్చేస్తుంటే, పరీక్షకి చెత్త ఎక్కడ దొరుకుతుంది?

ఆమె వెళ్లి లైటు ఆర్పేసింది. లైటు లేని తొట్టి చూడ్డానికి ఎవరో పరాయివాళ్ల సామానులా ఉంది. మళ్లీ స్విచ్చి మీదికి వెళ్లబోయిన చేతిని వెనక్కి తీసుకుంది.

గురువారం, శుక్రవారం షాపునుంచి రెండు గంటలు ముందే వచ్చి పాచి పీకింది. బకెట్టు నీళ్లు తీసి, కొలిచి ఉప్పు కలిపిన కొత్త నీళ్లు పోసింది. నత్తలు రాళ్లమీద గీతలు గీసినట్టు తిని దారులు చేస్తున్నాయి. శనివారం సాయంత్రానికి రాళ్లు సగం బోడి, సగం పచ్చ. చూడ్డానికి మునుపటికంటే వికారంగానే ఉంది. కానీ పగడం అంచున మూసుకున్న ఆరు పువ్వుల్లో ఒకటి, పూర్తిగా కాదు, నిద్రలేచిన కన్నంత తెరుచుకుంది. ఆమె ఎవరికీ చూపించలేదు.

రాత్రి భోజనాల దగ్గర డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"చూడూ, నువ్వు కష్టపడ్డావు, కాదనను. కానీ రేపు ఎనిమిదింటికి అతనొస్తాడు. పోనీ వద్దంటావా, వాళ్లు వెళ్లేదాకా ఓ దుప్పటైనా కప్పుదాం."

ఆమె అందరి కంచాలూ సర్ది, తనూ కూర్చుంది. గొంతు పెంచలేదు.

"అతను రాడు. ఇందాకే వెళ్లి రావద్దని చెప్పొచ్చాను. తొట్టి అక్కడే ఉంటుంది. దుప్పటీ కప్పను. మీ తమ్ముడడిగితే ఆ పాచిని మనమే మేపి పెంచామని, ఇప్పుడు తీస్తున్నామని చెప్పండి. చెప్పడానికి మీకు నామోషీ అయితే నేను చెప్తాను. లైటు ఎనిమిది గంటలే, అది నాకు నేను పెట్టుకున్న షరతు. మేత రోజుకు ఒక్కపూటే, ఒక్కరే వేస్తారు."

"నువ్వే కదమ్మా?" అంది కూతురు.

"కాదు." మేతడబ్బా తీసి పెద్దావిడ కంచం పక్కన పెట్టింది. "మీ నానమ్మ."

"దొంగచేతికి తాళాలిస్తున్నావే!" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

పెద్దావిడ అప్పటికే డబ్బాని ఒళ్లోకి లాక్కుని, రెండో చేత్తో కర్ర అందుకుంది.

"ఇహ మీదట ఆ తొట్టి మూత ఎవడు ముట్టుకుంటాడో ముట్టుకోండ్రా, చూస్తాను," అంది.