నాలుగు చీటీల రాజధాని

మా మామగారు ముప్పై ఒక్క ఏళ్లు బళ్లో భూగోళశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక కూడా తనతో ఒక మాట చెప్పకుండా దేశాలు పేర్లు మార్చుకోవడం ఆయనకు గిట్టదు. పేపర్లో అలాంటి వార్త కనబడితే చాలు, పాత క్యాలెండరు అట్టలోంచి చిన్న చీటీ కత్తిరించి, చీమతలంత అక్షరాలతో కొత్త పేరు రాసి, ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్న గ్లోబు మీద అతికిస్తారు. మైదా ఉడికించి జిగురు చేసివ్వడం నా వంతు. దక్షిణ సూడాన్ పుట్టిన రోజు మా ఇంట్లో కూర మాడింది.

ఆయనకొక నియమం ఉంది. పాత చీటీ పీకకూడదు, కొత్తది దాని మీదే పడాలి.

"కింద ఉన్నది చరిత్ర" అంటారు.

"చరిత్ర కాదు, మైదా" అంటుంది అత్తయ్య. భోజనాల బల్లలో సగం ఎన్నో ఏళ్లుగా గ్లోబు ఆక్రమణలోనే ఉంది మరి.

చివరికి అత్తయ్య గడువు పెట్టింది. బడికి ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ మామగారి శిష్యురాలే. ఆదివారం పదింటికి వచ్చి చూస్తానంది. అన్నీ సరిగ్గా ఉండి, పిల్లలు తిప్పినప్పుడు తిరిగితే, గ్లోబు లైబ్రరీకి వెళ్తుంది. లేదంటే సోమవారం పాత సామాన్లవాడికి. మామగారికి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున నేను రాజధానుల పట్టిక పట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాను. కజకిస్తాన్ దగ్గర ఆగాను.

"మామయ్యగారూ, ఇక్కడ నూర్‌సుల్తాన్ అని ఉంది. మళ్లీ ఆస్తానా అయింది కదా, రెండువేల ఇరవై రెండులో."

ఆయన ముఖం పాలిపోయింది. ఆ ఏడాది కంటి ఆపరేషనై కొన్నాళ్లు పేపరు చదవలేదు. సరిగ్గా అప్పుడే మార్చుకున్నారు, దొంగచాటుగా.

"మైదా!" అన్నారు.

ఉడికించాను. అతికించారు. ఆరాక గ్లోబు తిప్పారు. సగం తిరిగి టక్కున ఆగింది. మళ్లీ తిప్పారు. టక్. అచ్చులో ఉన్న త్సెలినోగ్రాద్ మీద అక్మోలా, దాని మీద ఆస్తానా, దాని మీద నూర్‌సుల్తాన్, దాని మీద మళ్లీ ఆస్తానా. ఆ ఊరు గుట్టలా లేచి, గ్లోబును పట్టి ఉంచే ఇత్తడి కమ్మీకి తగులుకుంటోంది.

"రాజధాని మారడం విన్నాను గానీ, దానివల్ల భూమి ఆగిపోవడం ఇదే చూడటం" అంది అత్తయ్య.

"పైవి రెండూ తీసేస్తే చాలు మామయ్యగారూ. కిందున్నదీ ఆస్తానానే."

"మూడేళ్లు ఆ ఊరిని నూర్‌సుల్తాన్ అన్నారమ్మా. అనలేదని నేనెలా చెప్పను?"

కాలింగ్ బెల్ మోగింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లారు. అత్తయ్య కూరలు తరిగే కత్తి తీసుకుంది. నేను పట్టిక వంక చూస్తూ నిలబడ్డాను, ఏమీ చూడనట్టు.

హెడ్‌మిస్ట్రెస్ కూర్చోకుండానే గ్లోబు తిప్పింది. గిర్రున తిరిగింది. మామగారు నోరు తెరిచారు. ఆమె వేలితో ఆపింది, సరిగ్గా అక్కడే.

"మాస్టారూ, దీనికి మధ్యలో ఇంకో పేరుండేది కదా?"

మామగారు వంగి చూశారు. అత్తయ్య వంక చూశారు. అత్తయ్య చేతిలోని కత్తి వంక చూశారు. ఉన్నమాట చెప్తే గ్లోబు లోపం బయటపడుతుంది. చెప్పకపోతే అబద్ధం.

"ఉండేదమ్మా, నూర్‌సుల్తాన్. నిన్నమొన్నటిదాకా ఇక్కడే ఉంది. ఇప్పుడే మా ఇంట్లో ప్రభుత్వం మారింది."

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. "అప్పుడూ ఇంతే మాస్టారూ మీరు. తెలీనిది తెలీదనేవారు, తప్పును తప్పనేవారు" అంటూ గ్లోబును రెండు చేతులా ఎత్తుకుని పోయింది.

మూడు రోజులు అత్తయ్యతో మామగారు మాట్లాడలేదు. నాలుగో రోజు భోజనాల దగ్గర ఆయన చేయి ఉప్పు డబ్బా మీద ఆగింది. డబ్బాకు నూర్‌సుల్తాన్ చీటీ అతికించి ఉంది, కాస్త వంకరగా.

ఆయన జేబులోంచి పెన్ను తీసి, చీటీ కింద చీమతలంత అంకెల్లో రాశారు: 2019–2022.

"డబ్బా మారిస్తేనో?" అంది అత్తయ్య.

"నాకు చెప్పి మార్చు" అన్నారు మామగారు.