ఒక్కసారే అడుగుతారు

నేను ఒక ఇత్తడి సీసానని చెప్పుకోవాలని ఎప్పటినుంచో కోరిక. నిజం చెప్పాలంటే ఉత్త రేకు సీసాను. నెదర్లాండ్స్‌లో పాలక్యాన్లూ బకెట్లూ చేసే ఒక కార్ఖానాలో పుట్టాను. పొట్ట గుండ్రం, మెడ పొట్టి, పైన మరమూత. నా కడుపులో వేడినీళ్లు పోసి, మూత బిగించి, ఉన్ని తొడుగు వేసి, పుట్టబోయే బిడ్డ తొట్టిలో పడుకోబెడతారు. బిడ్డ వచ్చేసరికి పక్క వెచ్చగా ఉండాలి, అదీ నా ఉద్యోగం. ఆ దేశంలో ఇప్పటికీ కొందరు ఇంట్లోనే కాన్పు చేసుకుంటారు. మంచం కాళ్ల కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేస్తారు, మంత్రసాని సైకిలు మీద వస్తుంది. చదువుకున్న మంత్రసాని లెండి, అక్కడ ఆమె మాటకు డాక్టరు మాటంత విలువ.

నా మొదటి యజమానురాలు రీట్ అనే ఆవిడ. ఆమె పిల్లలందరి పక్కలూ నేనే వెచ్చబెట్టాను. వాళ్లు పెద్దవాళ్లయ్యాక నన్ను అటక ఎక్కించారు. చలి తీరాక మనుషులకు సీసా గుర్తుండదు. దుమ్ములో అలా ఎన్నేళ్లున్నానో, పక్కింట్లోకి మృదుల, ఫణి అనే తెలుగు దంపతులు దిగారు. మృదులకు నెలలు నిండుతున్నాయని తెలిసి రీట్ నన్ను కిందికి దింపి, తళతళలాడేలా తోమి, ఆ అమ్మాయిని కాఫీకి పిలిచింది.

ఆ రోజు బల్ల మీద నేనూ ఉన్నాను, బిస్కెట్ల డబ్బా కూడా ఉంది. రీట్ మూత తీసి ముందుకు జరిపింది. మృదుల కళ్లు డబ్బాలోనే ఉన్నాయి, నోరు మాత్రం వద్దండి అంది. ఆమెది రావులపాలెం. అక్కడ మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం పెంపకం, మూడోసారికి గానీ పళ్లెంలో చెయ్యి పెట్టకూడదు. మూడోసారి అడగనివాళ్లు అసలు పెట్టే మనుషులే కారు. రీట్‌కు ఇవేమీ తెలియవు. వద్దన్న మాట నమ్మి డబ్బా మూసేసింది. మూసిన డబ్బా వంక అంత దిగులుగా చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నన్ను ఇంటికి తెచ్చుకున్నాక మృదుల వాళ్లమ్మకు ఫోన్ చేసింది. "ఒక్కసారే అడిగిందమ్మా. మళ్లీ అడుగుతుందేమోనని చూశాను. మూసేసింది."

అవతల సత్యవేణి గారు పడీపడీ నవ్వారు. "మరీ అంత మొహమాటం లేకుండా ఎలా బతుకుతున్నారే వాళ్లు?"

నాకు తెలుగెలా వచ్చిందంటారా? వంటింట్లో పొయ్యి పక్కన పెడితే ఏ భాషైనా వస్తుంది.

కొన్నాళ్లకు మరైకే అనే మంత్రసాని ఇంటికొచ్చి, అదే వంటింట్లో కూర్చుని, నొప్పుల సంగతి విడమరిచి చెప్పింది. "ఇంట్లో అయితే వేడినీళ్ల స్నానం, కాపడం, ఊపిరి తీసే పద్ధతి. ఆసుపత్రికి వెళ్తే పీల్చే గ్యాస్ ఉంది, నరంలోకి ఎక్కించే మందు ఉంది, నడుము దగ్గర వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. నీకేం కావాలో నువ్వే చెప్పాలి. మధ్యలో మనసు మార్చుకున్నా ఫరవాలేదు."

మృదులకు కావలసింది వెన్నులో ఇంజెక్షన్. ముందు రోజే ఫణితో ఆ మాట అంది, నేను విన్నాను. తీరా మరైకే ఎదురుగా కూర్చుంటే నోట వచ్చింది వేరే మాట. "మీరెలా చెబితే అలాగేనండి." వైద్యం తెలిసినవాళ్ల ముందు నాకిది కావాలనడం ఎదురు చెప్పినట్టుంటుందని ఆమె భయం. మరైకే సంతోషించింది. సరే, ఇంట్లోనే మొదలుపెడదామంది. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని తెలుగువాళ్ల సామెతట. ఈ పిల్లకు కడుపొచ్చాక కూడా మొహమాటం వదల్లేదు.

ఆమె వెళ్లాక ఫణి విసుక్కున్నాడు. "చెప్పొచ్చు కదా?"

"ఆ రోజు మళ్లీ అడుగుతుందిగా. అప్పుడు చెప్తాలే."

పురిటికి సాయంగా సత్యవేణి గారు శొంఠి, కాయం, మెత్తబడ్డ పాత నేతచీరలతో దిగారు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటే, అచ్చం మా అమ్మమ్మ మరచెంబులా ఉంది," అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఇత్తడి హోదా దక్కింది. ఆవిడంటే నాకు అప్పటినుంచే ఇష్టం.

నొప్పులు ఒక పొద్దున మొదలయ్యాయి. సత్యవేణి గారు నా ఉన్ని తొడుగు ఊడబీకి, పాత చీరముక్క చుట్టి, కూతురి నడుముకు కాపడం పెట్టసాగారు. నేను బిడ్డ పక్క కోసం పుట్టినదాన్ని, తల్లి నడుము నా పని కాదు. కానీ మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు కదా, పట్టాను. మరైకే వచ్చి పరీక్ష చేసి, అంతా సవ్యంగా ఉందని చెప్పి అడిగింది. "నొప్పికి ఏమైనా కావాలా?"

మృదుల నుదుట చెమట తుడుచుకుని నవ్వింది. "ఫర్వాలేదండి."

మరైకే ఆ మాట నమ్మింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని అల్లిక తీసింది.

మధ్యాహ్నానికి నొప్పులు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. మృదుల నన్ను గుండెలకు అదుముకుని పళ్లు బిగబట్టింది. అరవలేదు. నొప్పి తగ్గినప్పుడల్లా మరైకే వైపు చూసేది, ఆనాడు బిస్కెట్ల డబ్బా వైపు చూసినట్టే. మరైకే తలెత్తి, చాలా బాగా చేస్తున్నావని మెచ్చుకుని మళ్లీ అల్లికలో పడేది. వద్దని చెప్పిన మనిషిని మళ్లీ అడగడం ఆమె దృష్టిలో ఆ మనిషిని నమ్మకపోవడం. ఇద్దరిదీ మర్యాదే. ఆ రెండు మర్యాదల మధ్య పిల్ల నలిగిపోతోంది. నాకు జాలేసింది, కోపం కూడా వచ్చింది. నోరుంటే నేనే అడిగేసేదాన్ని.

సత్యవేణి గారు కూతురి చెవి దగ్గర వంగారు. "అడగవే."

"ఇంకోసారి అడుగుతుందిలే అమ్మా."

"బిస్కెట్ల డబ్బా మర్చిపోయావా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ నీకు అమ్మ కూడా కాదు."

మృదుల అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. "నువ్వు మా ముగ్గుర్నీ ఏ మందూ లేకుండా ఓర్చుకుని కన్నావు కదమ్మా. నీ ముందు నాకు ఇంజెక్షన్ కావాలని ఎలా అడగను?"

కాపడం పెడుతున్న చెయ్యి ఆగింది. ఆవిడ నన్ను పక్కన పెట్టి మంచం మీద కూర్చున్నారు.

"ఓర్చుకున్నానని నీకెవరు చెప్పారే? మీ నాయనమ్మ గారు నోట్లో కొంగు కుక్కుకోమన్నారు, కుక్కుకున్నాను. నా ఓర్పు గురించి ఊరంతా చెప్పుకున్నారు. నన్ను మాత్రం ఒక్కరంటే ఒక్కరు అడగలేదమ్మా, నీకేమైనా కావాలా అని. అడిగుంటే, మొదటిసారే కావాలనేదాన్ని."

మృదుల తల్లి చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకునే కిటికీ వైపు తిరిగి, గట్టిగానే చెప్పింది. "మరైకే, నాకు వెన్నులో ఇంజెక్షన్ కావాలి. ఇప్పుడే కావాలి."

మరైకే నొచ్చుకోలేదు, ఇన్నాళ్లూ చెప్పలేదేమని దెప్పలేదు. అల్లిక సంచిలో పడేసి ఆసుపత్రికి ఫోన్ చేసింది. "ఇప్పుడే అడగడం మంచిదైంది. ఇంకా ఆలస్యమైతే ఇవ్వడానికి వీలుండేది కాదు," అంటూ కోటు అందుకుంది. ఫణి కారు తీశాడు, సత్యవేణి గారు నన్ను కూడా పట్టుకుని ఎక్కారు.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ పనిచేశాక మృదుల భుజాలు దిగాయి. ముఖం తేటబడింది. హాయిగా నిద్రపోయింది కూడా. సత్యవేణి గారు మంచం పక్కన కూర్చుని, చల్లబడిపోయిన నన్ను ఒళ్లో పెట్టుకుని, నిద్రపోతున్న కూతురి ముఖం చూస్తూ చాలాసేపు నిశ్శబ్దంగా ఏడ్చారు. ఆ ఏడుపు ఈ కాన్పుది కాదు. ఆ మూడు పాత కాన్పులది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది, నోరు గట్టిది. నేను లేకుండానే ఆసుపత్రి తొట్టి వెచ్చగా ఉంది. అందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, ఇంటికొచ్చాక సత్యవేణి గారు స్వయంగా నీళ్లు కాచి నాలో పోశారు.

తరవాత ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లన్నీ తిరిగాను. ఏ అమ్మాయికి నెలలు నిండినా నన్ను తీసుకెళ్లడం, పని అయ్యాక తెచ్చివ్వడం రివాజైంది. మొన్న ఒంగోలు అమ్మాయి లాస్య వచ్చింది. మృదుల బిస్కెట్ల డబ్బా తీసి ముందు పెట్టింది.

"వద్దులే అక్కా," అంది లాస్య.

మృదుల డబ్బా మూసేసింది. మూసి, దాని పక్కనే నన్ను నిలబెట్టి, నన్ను ఎలా వాడాలో చెప్పడం మొదలుపెట్టింది. మూత గట్టిగా బిగించాలి, ఒంటికి నేరుగా తగలకూడదు. లాస్య తల ఊపుతోంది గానీ చూపు డబ్బా మీదే ఉంది. నాకు పాత రోజు గుర్తొచ్చింది. మృదుల చెబుతూనే ఉంది, మళ్లీ అడగలేదు. చివరికి లాస్య గొంతు సవరించుకుంది.

"అక్కా, నాకొక బిస్కెట్ కావాలి."

మృదుల కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బా మూత తీయలేదు. డబ్బాకు డబ్బా ఎత్తి, నాతో పాటు ఆ పిల్ల సంచిలో పెట్టింది.

"ఇక నీ కాన్పు గురించి నాకు బెంగ లేదు," అంది.