మినెగిషిని ఆడించని రోజు

కువబారా తెత్సుజి ఏళ్ళ తరబడి మా ఫుట్‌బాల్ క్లబ్బుకే డిఫెండరుగా ఆడి, మోకాలు అరిగిపోయాక అదే జట్టుకి మేనేజరయ్యాడు. నేను అతని సహాయకుణ్ణి. ఆ ఏడాది చివరి మ్యాచ్ గెలవకపోతే మా జట్టు కింది లీగుకి దిగిపోతుంది.

వెనకటికి తనని జట్టులోంచి తీసేసినప్పుడు ఆ మాట ఎవరూ కువబారా ముఖాన చెప్పలేదు. అందుకే ఆ ఉదయం పాత స్నేహితుడూ, మా జట్టుకి ఎక్కువ గోల్స్ కొట్టే ఆటగాడూ అయిన మినెగిషిని తన గదికి పిలిచాడు.

"మినె, ఇవాళ నిన్ను ఆడించడం లేదు."

"హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. నా గురక కూడా నీకు తెలుసు. నాకే ఇలా చేస్తావట్రా?"

"గురకతో పాటు నీ చీలమండ సంగతీ తెలుసు. పొద్దున్న మెట్లు దిగుతుంటే చూశాను."

మినెగిషి తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. "మినెగిషిని ఎందుకు ఆడించలేదు?" అని అభిమానులు అరుస్తున్నారు. మంచు కురుస్తోంది. కువబారా ఒక్కడే వాళ్ళ ముందుకి నడిచి, క్షమాపణగా నడుం వంచి నిలబడ్డాడు. ఎంతకీ తలెత్తలేదు. నేనూ వెళ్ళబోయేలోగా మినెగిషి కుంటుకుంటూ వచ్చి, అతని పక్కనే అంతే కిందికి వంగాడు. కేకలు సన్నగిల్లాయి.

దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళ మాటలు నా చెవిన పడ్డాయి.

"నీ మీద కోపం ఇంకా పోలేదు."

"పోనక్కర్లేదు. వచ్చే ఏడు కుర్రాళ్ళకి గోల్ కొట్టడం నేర్పుతావా?"

"ముందు లేవరా, నడుం పట్టేస్తుంది."