టేపు వేసిన పెట్టె

నేను ఒక స్కానర్‌ని. ఎక్కడో ఫ్యాక్టరీలో నా కంటికి ఎర్ర దీపం బిగించి, గొంతులో ఒకే ఒక్క కూత పెట్టి పంపారు. నాలుగు చేతులు మారి పార్వతీపురం దగ్గర ఒక మందుల గోడౌన్‌కు చేరాను. నేను బీప్ అంటే చాలు, మనుషులు సొంత కళ్లను కూడా పక్కనపెట్టి నన్నే నమ్మేస్తారు. ఆ నమ్మకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ వణుకే.

నన్ను పట్టుకునేది స్టోర్‌కీపర్ తవిటినాయుడు. కొండ మీది ఆరోగ్య కేంద్రాలకు కాన్పు కిట్లు పంపడం అతని పని. ఒక్కో పెట్టెలో గ్లవుజులు, బ్లేడు, బొడ్డు క్లిప్పు, కాన్పయ్యాక రక్తం ఆగడానికి మాత్రల అట్ట ఉంటాయి. మనిషి మంచివాడే, అదే వచ్చిన చిక్కు. ఎవరైనా మాత్రల కోసం పరుగెత్తుకొస్తే కాదనలేడు. ఓ కిట్ విప్పి, అట్ట తీసిచ్చి, మళ్లీ టేపు వేసి అరలో పెట్టేసేవాడు. తర్వాత నింపొచ్చులే అనుకునేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నేను చదివేది పైనున్న లేబుల్‌నే గదా! కంప్యూటర్‌లో మాత్రం ముప్పైరెండు కిట్లు నిక్షేపంగా ఉండేవి.

ఓ వానాకాలం మధ్యాహ్నం కొండ మీది సిస్టర్ జయమంగళ ఫోన్ చేసింది. ఇద్దరికి నొప్పులొస్తున్నాయనీ, తన దగ్గర ఒక్క కిట్టే ఉందనీ, దారిలోని గెడ్డ వాగు పొంగేలోగా జీపు పంపమనీ చెప్పింది. పది పెట్టెలకు పది బీప్‌లు కొట్టాను. పదోదాని మీద టేపు రెండు వరసలుంది. అది చూడగానే నాయుడికి తాను విప్పిన పెట్టెలు గుర్తొచ్చాయి. నోరు విప్పితే తన ఉద్యోగం పోతుంది. విప్పకపోతే కొండ మీద ఒక తల్లి పోతుంది. పెట్టెలు ఎక్కించేశారు, జీపు స్టార్టయింది.

“బండి ఆపండి,” అన్నాడు. కంప్యూటర్ చూసే హేమసుందరి తలెత్తింది. “కొన్నింట్లో మాత్రలు నేవమ్మా. నానే తీసినాను.”

ఆమె లేచి జీపు దగ్గరికి పరుగెత్తింది. తిట్టే తీరిక లేదు. పదీ దింపి విప్పితే నాలుగింట్లో అట్టల్లేవు. అరలోని పెట్టెల్లోంచి తీసి నింపి, జీపు పంపేశారు. అప్పుడు గుర్తొచ్చింది నాయుడికి. సిస్టర్ దగ్గరున్న ఆ ఒక్క కిట్టూ ఇక్కడినుంచి వెళ్లిందే. దానికీ నేనే బీప్ అన్నాను.

ఫోన్ చేశాడు. “ఓపాలి ఇప్పి సూడమ్మా.”

టేపు చిరిగిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది.

“మాత్రలు లేవండీ,” అంది సిస్టర్. “బిడ్డ తల కనిపిస్తోంది.”

జీపు చేరడానికి ఇంకా గంట పడుతుంది. గెడ్డ దాటనిచ్చిందో లేదో తెలియదు. ఆ గంటా నాయుడు నన్ను చేతిలోంచి దించలేదు. నా దీపం ఊరికే వెలుగుతూ ఆరుతూ ఉంది, చదవడానికి ఏమీ లేదు. ఫోన్ మోగినా ఎత్తడానికి భయపడ్డాడు, హేమసుందరే ఎత్తింది. రక్తం చాలా పోయిందట, జీపు అందిందట, తల్లి బతికిందట, రెండో ఆమెకూ కిట్టు అందిందట. నాయుడు నేల మీద కూలబడి ఏడ్చాడు.

అతనికి మెమో వచ్చింది. హేమసుందరి పట్టుబట్టి సాఫ్ట్‌వేర్ మార్పించింది. ఇప్పుడు కిట్‌కు సొంత లెక్క లేదు. లోపలి వస్తువుల్లో అన్నిటికన్నా తక్కువున్నవి ఎన్నో అన్నే కిట్లు. విప్పిన పెట్టె నిండేదాకా లెక్కకే రాదు. పంపిన పది పోను ఉండాల్సిన ఇరవైరెండు కాస్తా తొమ్మిదయింది. పైవాళ్లు కంగారుపడ్డారు గానీ, నాయుడు ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాడు.

నేను అద్దం పగిలి సొరుగులో ఉన్నాను. పైన కొత్త స్కానర్ కూస్తోంది. అయినా నాయుడు పెట్టెలో చెయ్యి పెట్టి, అట్ట తగిలాకే టేపు వేస్తాడు. టేపు లాగిన చప్పుడైనప్పుడల్లా, చెయ్యి పెట్టాడో లేదోనని చీకట్లో నేను బిక్కుబిక్కుమంటూ ఉంటాను.