కెలక్కపోతే నడిచిన కార్డు

ఆయన్ని ఇంటాబయటా పెంగ్విన్ అనే పిలుస్తారు. పెంగ్విన్ బొమ్మ గుర్తుగా ఉండే లైనక్స్ తప్ప ఇంకో కంప్యూటర్ సిస్టమ్ గడప తొక్కడానికి వీల్లేదని పెళ్లయిన కొత్తలోనే తేల్చి చెప్పిన మహానుభావుడు మరి! అందులో ఏం మార్చాలన్నా పాస్‌వర్డ్ కావాలి. అది ఆయన ఒక్కడికే తెలుసు. భార్య కొత్త ప్రోగ్రామ్ ఏదైనా ఎక్కించుకుంటానంటే, "అడుగు, చూద్దాం" అనేవాడు.

ఆమె స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తుంది. ఉన్న సరదా ఒక్కటే, వేరే ఊళ్లో ఉన్న చెల్లెలితో జట్టు కట్టి ఆన్‌లైన్లో ఆడే కార్ల పందెం. ఆ సాయంత్రం ఆరింటికి ఫైనల్. తెర మీద బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డు పాతదై కార్లు నత్తనడక నడుస్తున్నాయని పెంగ్విన్ కొత్తది తెచ్చి బిగించాడు. స్విచ్ వేయగానే ఆట దూసుకుపోయింది.

"అబ్బ, ఎంత బాగుందండీ!" అంటూ ఆమె టీ పెట్టడానికి లేచింది.

పెంగ్విన్‌కి మింగుడుపడలేదు. కొత్త కార్డు కొన్నప్పుడల్లా, దాన్ని సిస్టమ్‌తో మాట్లాడించే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ కోసం తల బాదుకున్న మనిషి. ఏమీ చేయకుండా పనిచేయడమేమిటి? ఎక్కడో ఏదో తేడా ఉంది.

"బాగానే ఉందిగా, కెలక్కండి," వంటింట్లోంచి అందామె.

"నీకు తెలీదులే. కంపెనీవాళ్ల డ్రైవర్ వేస్తే ఇంకా పరిగెడుతుంది. ఐదే నిమిషాలు."

టీ చల్లారింది. తెర నల్లబడింది. వేసింది తీశాడు, తీసింది మళ్లీ వేశాడు. చొక్కా తడిసి ముద్దయింది గానీ తెర వెలగలేదు. ఆరు కొట్టేసరికి చెల్లెలు ఫోన్ చేసింది.

"లేదే, మీ బావ బాగుచేస్తున్నారు. నా బదులు ఇంకెవరినైనా తీసుకో," అందామె. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది అనుకున్నాడతను.

పందెం ముగిశాక అంతా తుడిచేసి, సిస్టమ్ మొదట్నుంచి ఎక్కించి, దేన్నీ ముట్టుకోకుండా చేతులు కట్టుకున్నాడు. ఆట మళ్లీ దూసుకుపోయింది.

"నా చేతి దురద వల్లే నీ ఫైనల్ పోయింది," అన్నాడు.

"అవును," అందామె.

అతను లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. "పాస్‌వర్డ్ మార్చుకో. నాకు చెప్పకు." గోడకేసి తిరిగి నిలబడ్డాడు. వెనక మీటలు చాలాసేపు టకటకలాడాయి.

"అయిందా? మరి అప్‌డేట్లు వస్తే?" ఉండబట్టలేక అడిగాడు.

"అడగండి, చూద్దాం," అందామె.